ఓటును యోగ్యతయును

1947లో అమెరికా బేస్‌బాల్ క్రీడయందు టెడ్ విలియమ్స్ తన లీగులో బ్యాటింగు సగటునను, హోమ్ రన్నులందును, పరుగులు రాబట్టుటయందును ప్రథముడయ్యెను. అయినను పత్రికారచయితల ఓట్లలో ఉత్తమ క్రీడాకారుని బిరుదము 202 మార్కులతో జో డిమాజియోకు దక్కెను, విలియమ్స్‌కు 201. ఆ లీగున గెలిచినది డిమాజియో జట్టు. కొందఱు ఆటగానిని, కొందఱు జట్టును తూచిరి కాబోలు.

మనవారి సంగతి చూడుడు. గన్నవరమునకు చేరువనున్న గుడివాడలో జన్మించిన శ్రీమతి కోనేరు హంపి 2019లో ప్రపంచ ర్యాపిడ్ చదరంగమున బల్లపైని ఎత్తులచేత గెలిచిరి. 2021లో బీబీసీవారి ఉత్తమ భారత క్రీడాకారిణి పురస్కారమును ప్రజల ఓట్లచేత పొందిరి. రెండును వేఱు త్రాసులు.

కావున పాఠశాలలో ఓట్లతో బహుమానమిచ్చునపుడు దేనిని తూచవలెనో ముందే చాటుట న్యాయమని మా యభిప్రాయము. విద్యార్థులారా! ఓటు తప్పినంతమాత్రమున మీ శ్రమ వృథా కానేరదు.