పిండాన్ని కాపాడేది చేయి తిరిగిన మనిషే

కాళేశ్వరం, మహదేవపూర్ నుంచి వచ్చి బీజెడ్‌సీ, బయోటెక్నాలజీ చదువుతున్నారా? హనుమకొండ, హైదరాబాద్‌లలో సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు చూసి ‘ఎంబ్రియాలజిస్టు’ అవుదామనుకుంటున్నారా? మంచి ఆలోచనే. కానీ నాలుగు వారాల సర్టిఫికెట్‌తో ల్యాబ్‌లో అడుగు పెట్టొద్దన్నది నా మాట.

ఒకప్పుడు పిండాలను నెమ్మదిగా చల్లబరిచేవారు. లోపల మంచు పలుకులు ఏర్పడి కణాలు దెబ్బతినేవి. ఇప్పుడు విట్రిఫికేషన్ వచ్చింది. చిక్కటి రక్షక ద్రావణంలో ఉంచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఒక్కసారిగా ముంచుతారు. మంచు కట్టకుండా గాజులా బిగుస్తుంది. కరిగించాక బతికే పిండాలు బాగా పెరిగాయి. అయితే ఎక్కువసేపు ఉంచితే ఆ ద్రావణమే హాని చేస్తుంది. చివరి దశకు దొరికే సమయం నిమిషం, నిమిషంన్నర. అక్కడ చేయి తడబడితే పద్ధతి ఎంత గొప్పదైనా ఏం లాభం?

గడ్డకట్టించాక కూడా కాపలా కావాలి. 2018 మార్చిలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగి 4,000కు పైగా అండాలు, పిండాలు పాడయ్యాయి. హెచ్చరించాల్సిన అలారం ఆపేసి ఉంది. ఓడింది పద్ధతి కాదు, కాపలా.

మన దగ్గరా ఒక పాఠం ఉంది. సికింద్రాబాద్ సృష్టి కేంద్రం సరొగసీ పేరుతో ఇచ్చిన బిడ్డ ఆ దంపతులది కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. 2025 జులైలో పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో అక్కడి సిబ్బందీ ఉన్నారు. అది గడ్డకట్టించడంలో పొరపాటు కాదు, మోసం ఆరోపణ. కానీ ఎక్కడ పనిచేస్తున్నామో చూసుకోకపోతే కేసు మన మెడకూ చుట్టుకోవచ్చు.

‘ఇంట్లో అప్పులున్నాయి, అన్నేళ్లు ఎవరు ఆగుతారు?’ అంటారు. నిజమే. అయితే రికార్డులు రాసే పనితో, సీనియర్ పక్కన నిలబడే పనితో మొదలుపెట్టండి. పీజీ చేస్తూ చేయి తిప్పుకోండి. ఇంటర్వ్యూలో మీరూ అడగండి: 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? లేబుల్‌ను రెండో మనిషి సరిచూస్తారా? రాత్రి అలారం మోగితే ఎవరొస్తారు? జవాబు నసిగితే, జీతం ఎంతన్నా లేచి వచ్చేయండి.

కాళేశ్వర ముక్తేశ్వరుడికి మొక్కుకుని, ఎకరం అమ్ముకుని వచ్చిన దంపతులకు ఆ ట్యాంకులో ఉన్నది శాంపిల్ కాదు, వాళ్ల బిడ్డ మీద ఆశ.