పాత స్పోర్ట్స్ బైకు చవక కాదు

గత నెలలో ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. నేను ఉద్యోగంలో ఉన్ననాటి నుండి నా వద్ద రక్తపోటుకు వైద్యం చేయించుకుంటున్న మనిషి. తిరువూరు సమీపంలో ఐదెకరాల మామిడి తోట ఆయనకు జీవనాధారం. కుర్రవాడు ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. రక్తపోటు చూపించుకున్నాక ఆయన ఫోను తీసి ఒక ఫొటో చూపారు. పదేళ్ళ నాటి 150 సీసీ స్పోర్ట్స్ బైకు. వెల 60 వేలు.

“ఖమ్మంలో ఒక డాక్టరు గారి బండి అట సార్! డాక్టరు గారు వాడినదంటే జాగ్రత్తగానే ఉంటుంది గదా. మీరొక మాట చెబితే బయానా ఇచ్చేస్తాను” అన్నారు.

నాకు నవ్వు వచ్చింది. పాత బండ్ల బజారులో ప్రతి బండీ డాక్టరు గారి బండే. అన్ని బండ్లు నడపడానికి రెండు తెలుగు రాష్ట్రాల డాక్టర్లు చాలరు. నవ్వు ఆపుకుని మూడు ప్రశ్నలు వేశాను. బండికి ఏబీఎస్ ఉన్నదా? అబ్బాయికి లైసెన్సు ఉన్నదా? వెనుక సీటులో కూర్చునేది ఎవరు? మొదటిది తెలియదన్నారు. రెండవదానికి, అబ్బాయికి పదిహేడేళ్ళన్నారు. మూడవదానికి, “రోజూ చెల్లెల్ని కాలేజీలో దింపుతాడు సార్” అన్నారు. హెల్మెట్ల ప్రస్తావన ఆయన తేలేదు.

ఆనాడు ఆయనకు సగమే చెప్పగలిగాను. మిగిలిన సగంతో కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. ఈ వేసవిలో అదే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులు మన ప్రాంతంలో ఆయన ఒక్కరే కారు.

రెండు సీట్ల మోజు

వేగంగా పోయే రెండు సీట్ల వాహనంపై యువకులకు మోజు అన్ని దేశాలలోనూ ఉన్నది. 1989లో మాజ్దా కంపెనీ తెచ్చిన మియాటా వంటి చిన్న స్పోర్ట్స్ కారును పాతది చవకగా కొనుక్కోవడం పాశ్చాత్య దేశాలలో ఎందరికో యౌవనపు కల. మన దేశంలో శాన్ మోటార్స్ వారు స్టార్మ్ అనే రెండు సీట్ల కారు తెచ్చారు గాని అది నిలదొక్కుకోలేదు. ఆ స్థానాన్ని మనకు మోటారు సైకిలు ఆక్రమించింది. 2003లో కరిజ్మా, 2008లో ఆర్15, 2012లో డ్యూక్ 200 వచ్చి మధ్యతరగతి పిల్లలకు వేగాన్ని అందుబాటులోకి తెచ్చాయి. నేడు పాత బజారులో చేతులు మారుతున్నవి ఆ తరం బండ్లే.

కారులో ఇద్దరి చుట్టూ ఉక్కు గూడు ఉంటుంది, నడుముకు బెల్టు ఉంటుంది. బైకుపై ఇద్దరి శరీరాలే ఆ గూడు. లోహం భరించవలసిన దెబ్బను ఎముక, నరం, మెదడు భరిస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు గోడను గుద్దుకుంటే ఆ తాకిడి సుమారు 14 మీటర్ల ఎత్తు నుండి, అంటే నాలుగంతస్తుల మేడ పైనుండి పడడంతో సమానం. వంద కిలోమీటర్ల వేగమైతే ఆ ఎత్తు దాదాపు 39 మీటర్లు. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. ఇది హైస్కూలు భౌతికశాస్త్రమే. మంచి మార్కులు తెచ్చుకున్న ఆ కుర్రవాడు పరీక్షలో ఈ ప్రశ్నకు జవాబు వ్రాసే ఉంటాడు.

వెల ఎందుకు తగ్గింది?

బండి పాతబడిందని మాత్రమే వెల తగ్గలేదు. 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ ఉండి తీరాలన్న నిబంధన మన దేశంలో కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ 1 నుండి, అప్పటికే తయారవుతున్న మోడళ్ళకు 2019 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు తయారైన బండ్లలో అత్యధిక భాగానికి అది లేదు. గేదె అడ్డువచ్చినప్పుడు భయంతో బ్రేకు బిగించి పట్టుకోవడం మానవ సహజం. అప్పుడు చక్రం తిరగడం ఆగిపోయి బండి జారుతుంది. ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకోబోతున్నదని పసిగట్టి, సెకనులో అనేక పర్యాయాలు బ్రేకును వదలి పట్టుకుంటుంది. బండి నిటారుగా ఉండి ఆగుతుంది. దీనిని తరువాత మెకానిక్ చేత పెట్టించుకునే వీలు ఆచరణలో లేదు.

అందుచేత ఆ 60 వేల వెలలో తగ్గినది ముఖ్యంగా రక్షణ. ఇంజను శక్తి మాత్రం దాదాపు అంతే ఉన్నది. పరుగెత్తే శక్తి తగ్గక, ఆగే శక్తి సన్నగిల్లిన యంత్రాన్ని, అనుభవం బొత్తిగా లేని పిల్లవాని చేతికిచ్చి దానికి బహుమతి అని పేరు పెడుతున్నాము.

మన ఊరి నుండి ఆసుపత్రి ఎంత దూరం?

2021 సెప్టెంబరు 10న సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ హైదరాబాదులో దుర్గం చెరువు తీగల వంతెన దాటాక రోడ్డుపై ఇసుకలో జారి పడ్డారు. ఆయన నడిపినది ఖరీదైన ట్రయంఫ్ స్పోర్ట్స్ బైకు. అదీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నదేనని అప్పట్లో పోలీసులు చెప్పారు. తలకు మంచి హెల్మెట్ ఉన్నది. పెద్ద ఆసుపత్రులు నిమిషాల దూరంలో ఉన్నాయి. అయినా స్పృహ లేని స్థితిలో చేరి, నెల రోజులకు పైగా ఆసుపత్రిలో ఉండి బయటపడ్డారు. హెల్మెట్ వల్లనే బ్రతికానని తరువాత ఆయనే పలుమార్లు చెప్పారు.

ఇప్పుడు అదే జారిపాటు మన 30వ నంబరు జాతీయ రహదారిపై, ఎ.కొండూరు దాటాక, చీకటి పడ్డ వేళ జరిగిందనుకోండి. ముందు వెనుక దీపం లేని ట్రాక్టరు, రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం, మామిడికాయల లారీ మనకు నిత్యం కనిపించేవే. మెదడుకు శస్త్రచికిత్స కావాలంటే విజయవాడకో ఖమ్మానికో పోక తప్పదు. విజయవాడ డెబ్బై కిలోమీటర్ల పైమాట.

తల దెబ్బలలో ఒక రకం ఉన్నది. పుర్రె ఎముకకు, మెదడు పైపొరకు నడుమ ధమని తెగి రక్తం చేరుతుంది. దెబ్బ తగిలినవాడు కాసేపు స్పృహ తప్పి, లేచి కూర్చుని, మంచినీళ్ళడిగి, ఇంటికి ఫోను చేస్తాడు. చుట్టూ ఉన్నవారు గండం గడిచిందనుకుంటారు. గంటకో రెండు గంటలకో మగత కమ్ముతుంది, ఒక కంటిపాప పెద్దదవుతుంది. వేళకు పుర్రె తెరచి ఆ రక్తం తీసివేస్తే మనిషి మామూలుగా తిరిగే అవకాశం మెండు. వేళ దాటితే లేదు. గాయపడిన తరువాతి తొలి గంటను మోటారు వాహనాల చట్టమే సువర్ణ ఘడియగా నిర్వచించింది. తిరువూరువారికి ఆ గంట దారిలోనే కరిగిపోతుంది. అందువల్ల పట్నపు పిల్లవానికంటె మన పిల్లవానికి జాగ్రత్త ఎక్కువ అవసరం.

హెల్మెట్ సైతం కాపాడలేని గాయం ఇంకొకటి ఉన్నది. భుజం నేలకు కొట్టుకుని తల రెండవ వైపుకు విరిగినట్లు వంగితే, మెడ నుండి చేతికి పోయే నరాలు వెన్నుపాము వద్దనే పెకలించుకుపోతాయి. ఆ తరువాత చేయి ఉంటుంది గాని లేవదు, స్పర్శ తెలియదు, రాత్రింబవళ్ళు మంట మాత్రం ఉంటుంది. నా ఉద్యోగ జీవితంలో ఇటువంటి చేతులతో వచ్చినవారిలో ఎక్కువమంది పాతికేళ్ళు నిండని మగపిల్లలే.

వెనుక సీటు ఎవరిది?

స్పోర్ట్స్ బైకు వెనుక సీటు పీటంత ఉంటుంది. నడిపేవానికంటె ఎత్తున, మోకాళ్ళు పైకి మడిచి, ముందుకు ఒరిగి కూర్చోవాలి. బ్రేకు వేసినప్పుడల్లా వెనుక మనిషి బరువు ముందువాని వీపుపై పడుతుంది. పాత బండి కొన్న కుర్రవాడు అందం కోసం మొదట పీకివేసేవి వెనుక పట్టుకునే కడ్డీ, చీర చక్రంలో పడకుండా ఉండే గార్డు. ఈ రెండూ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం చెబుతున్నది. చున్నీ చక్రంలోనో గొలుసులోనో చుట్టుకుంటే మెడ ఎంత వేగంగా బిగుసుకుపోతుందో వర్ణించి మిమ్మల్ని భయపెట్టదలచుకోలేదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై పోయేవారే. ఆ ఏడాది హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతున్నది. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. బండి వారు ఎంచుకోలేదు, వేగం వారి చేతిలో లేదు. హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాన్ని సుమారు 69 శాతం తగ్గిస్తుందని 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. నాలుగేళ్ళు దాటిన ప్రతివారూ ముందైనా వెనుకైనా హెల్మెట్ ధరించాలని చట్టం. కొడుకుకు వెయ్యి రూపాయల హెల్మెట్ కొని కూతురి తలను ఖాళీగా వదిలే తండ్రి, ఆ తలకు కట్టిన వెల ఎంతో తనను తానే అడగాలి.

తోట కూడా పందెంలో ఉన్నది

పద్దెనిమిదేళ్ళు నిండనివానికి ఈ బండి నడిపే హక్కు లేదు. 2019లో చట్టానికి చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు నేరం చేస్తే శిక్ష సంరక్షకునికో వాహన యజమానికో పడుతుంది. మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా, పన్నెండు నెలల పాటు రిజిస్ట్రేషను రద్దు. ఆ పిల్లవానికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

సరిహద్దు దాటి వచ్చే బండ్లతో మరొక చిక్కు ఉన్నది. తెలంగాణ నంబరు బండికి అక్కడి నుండి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, పేరు మార్పించుకోవాలి. కొన్నవారు 30 రోజులలో దరఖాస్తు చేయాలి. సంతకాలు చేయించుకున్న ఖాళీ ఫారాలను బీరువాలో పెట్టి ఏళ్ళ తరబడి తిరిగేవారు మనలో చాలామంది. రిజిస్టరులో పేరున్నవారే యజమాని, నష్టపరిహార బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్‌కుమార్ కేసులో స్పష్టం చేసింది. అమ్మేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. కొనేవారు బీమా చూసుకోవాలి. బీమా గడువు తీరిన బండి ఎవరినైనా గుద్దితే, ఆ కుటుంబానికి చెల్లించవలసిన పరిహారం యజమాని ఆస్తి నుండే రావాలి. 60 వేల బండికి ఐదెకరాల తోట హామీ పడుతున్నదన్నమాట.

అయితే కొనవద్దా?

కొందరు నన్ను తప్పు పడతారని తెలుసు. కొత్త బండి లక్షన్నర దాటిపోయింది, మాబోటివారు పాతది గాక ఏది కొంటారు అంటారు. నిజమే. సెకండ్ హ్యాండ్ వస్తువు కొనడం తప్పు కాదు. నేనూ తొలి స్కూటరు అలాగే కొన్నాను. కుర్రతనంలో వేగం కోరుకోవడం కూడా తప్పు కాదు. బండి వెలను మాత్రమే లెక్కించి, శరీరం వెలను లెక్కలోకి తీసుకోకపోవడమే తప్పు. చేతిలో ఉన్న డబ్బు ఏబీఎస్ గల బండికి, రెండు కొత్త టైర్లకు, ఐఎస్ఐ గుర్తు ఉన్న రెండు హెల్మెట్లకు, బీమాకు, పేరు మార్పుకు కలిపి సరిపోకపోతే, ఆ బండి మీ స్తోమతకు మించినది. చిన్న ఇంజను బండి కొనండి. అందులో చిన్నతనం లేదు.

కొనదలిస్తే ఇవి చూడండి:

1. తయారైన నెల, సంవత్సరం రిజిస్ట్రేషను పత్రంలో చూడండి. 2019 ఏప్రిల్ తరువాతిదే తీసుకోండి. రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉంటే మరీ మేలు.

2. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు మిగిలి ఉన్నా రబ్బరు పగుళ్ళిచ్చి ఉంటే మార్పించండి.

3. ముందు ఫోర్కుల నుండి నూనె కారుతున్నదా, హ్యాండిలు ఒక పక్కకు లాగుతున్నదా, ఛాసిస్‌పై కొత్త వెల్డింగు గుర్తులున్నాయా అని మీకు నమ్మకమైన మెకానిక్ చేత చూపించండి. అమ్మేవాని మెకానిక్ పనికిరాడు.

4. పరివాహన్ వెబ్‌సైటులో బీమా గడువు, ఫైనాన్సు బాకీ, చలానాలు చూసుకోండి.

5. వెనుక కడ్డీ, చీర గార్డు లేకపోతే బిగించేదాకా వెనుక ఎవరినీ ఎక్కించవద్దు.

తల దెబ్బ తగిలినవాడు లేచి మాట్లాడినా వానిని ఇంటికి పంపవద్దు. 108కి ఫోను చేయండి.

ఆ తండ్రి ఇంకా ఏ బండీ కొనలేదు. కుర్రవాడు నాపై కోపంగా ఉన్నాడని తెలిసింది. జనవరిలో వానికి పద్దెనిమిది నిండుతాయట. లైసెన్సు చేతికి వచ్చిన రోజున, రెండు హెల్మెట్లలో వెనుక సీటుది నేనే కొనిస్తానని కబురు పంపాను.