మన రక్తం ల్యాబ్‌కు పోతోంది, మనమెప్పుడు పోతాం?



మొన్న రాత్రి మా ఏజెన్సీ నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. ఎంటెక్ అయిపోయింది, గేట్ క్వాలిఫై అయింది. బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చెయ్యాలని ఉందట. "కానీ అన్నా, నాన్న ఒప్పుకోవట్లేదు. ఇంకా ఐదేళ్లు చదువేంది, గ్రూప్స్ రాయి, లేకుంటే ఏదన్నా కంపెనీలో చేరు అంటున్నాడు. ఏం చెప్పాలి?"

ఆ నాన్నది తప్పని నేననను. పోడు మీద బతికే ఇంట్లో మొదటి జీతమంటే ఒక్కరి జీతం కాదు. తమ్ముడి ఫీజు, పాత అప్పు, వాన కారే ఇంటికి రేకులు అన్నీ అందులోనే. అందుకే ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆ చెల్లికి, ఆమెలాగే ఆలోచిస్తున్న మీ అందరికీ.

ఈ చదువు దేని గురించో ముందు చూద్దాం. కరోనా టైంలో వేలికి పెట్టిన చిన్న క్లిప్పు గుర్తుందా? పల్స్ ఆక్సీమీటర్. ఎర్ర కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని వేలిలోంచి పంపి, ఎంత పీల్చుకుందో చూసి రక్తంలో ఆక్సిజన్ లెక్క చెబుతుంది. 2020 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా డాక్టర్లు ఒక సంగతి బయటపెట్టారు. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా క్లిప్పు "బాగానే ఉంది" అని చూపించడం తెల్లవాళ్లకంటే నల్లవాళ్లలో దాదాపు 3 రెట్లు ఎక్కువ. ఆ యంత్రానికి ఎవరిమీదా పగ లేదు. తయారుచేసి పరీక్షించేటప్పుడు నల్లటి చర్మాన్ని చాలినంతగా లెక్కలోకి తీసుకోలేదు, అంతే. మరి మన వేళ్ల సంగతి? ఆ ప్రశ్న అడిగేవాడు ల్యాబ్‌లో ఉండాలి కదా.

ఇంకా దగ్గరి సంగతి సికిల్ సెల్. 2023 జూలై 1న కేంద్రం దీని నిర్మూలనకు మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామంది, 2047 నాటికి లేకుండా చేస్తామంది. మంచిదే. కానీ ఊళ్లలో చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. రక్తపు చుక్క వేస్తే ద్రావణం మసకబారుతుంది. సికిల్ హిమోగ్లోబిన్ ఉందని తెలుస్తుంది. ఆ మనిషికి జబ్బే ఉందా, లేక పిల్లలకు అందించే లక్షణం మాత్రమే ఉందా అన్నది మాత్రం తేలదు. పసిబిడ్డల్లో ఆ పరీక్షను నమ్మలేం. తేల్చాలంటే హెచ్‌పీఎల్‌సీ లాంటి యంత్రం కావాలి. దానికి నిలకడైన కరెంటు, రసాయనాలు, పని తెలిసిన టెక్నీషియన్ కావాలి. రక్తం కొండ దిగుతుంది. రిపోర్టు ఎప్పుడు కొండెక్కుతుందో తెలియదు.

వేలిమీది చుక్కతోనే తేల్చే కిట్లు ఇప్పుడొచ్చాయి. అవి పుట్టింది ఇలాంటి పరిశోధనల్లోంచే. అయితే ఎండాకాలం ఫ్రిజ్ లేని సబ్‌సెంటర్లో ఆ కిట్టు నమ్మకంగా పనిచేస్తుందా? దాని ధర ఎంతవరకు తగ్గించవచ్చు? ఆశా వర్కర్ ఫలితాన్ని తప్పు చదవకుండా ఎలా చెయ్యాలి? ఇవన్నీ పీహెచ్‌డీ చెయ్యదగ్గ ప్రశ్నలే. డోలీ మోసినోడికి, డోలీలో అమ్మను పంపినోడికి ఈ ప్రశ్నలు ఎవరూ నేర్పనక్కర్లేదు.

పరిశోధనకు మనం కొత్త కాదు. ఇంతకాలం మనం బల్లకు అవతల ఉన్నాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కింద ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లోని మన పిల్లలు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని కాదు నేననేది, అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది. అమ్మానాన్నలను వాళ్ల భాషలో అడగకపోవడమే తప్పు. ఆ ఫారం రాసిన గదిలో ఒక్క కోయ బిడ్డ ఉన్నా "ఇది మా అమ్మకు అర్థం కాదు సార్" అనేది.

ఆ గదిలో మనమెంతమందిమి? ఐఐటీల్లో ఎస్టీ రిజర్వేషన్ 7.5 శాతం. కేంద్రం చెప్పిన లెక్క ప్రకారమే 2015 నుంచి 2019 వరకు ఐఐటీల పీహెచ్‌డీ ప్రవేశాల్లో ఎస్టీలు 2.1 శాతం. "అర్హులు దొరకలేదు" అంటారు. ఇంటర్వ్యూలో నన్నూ మొదట అడిగింది సబ్జెక్టు కాదు, "కోటానా?" అని. మనం అప్లై చెయ్యకపోతే ఆ సాకు ఇంకా బలపడుతుంది.

చెల్లీ, ఇక మీ నాన్న అడిగిన డబ్బు సంగతి. పీహెచ్‌డీ అంటే ఫీజు కట్టి ఊరికే కూర్చునే చదువు కాదు. గేట్‌తో ఐఐటీలో ఫెలోషిప్ సీటు వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 మంది ఎస్టీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ ఇస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగం ఉంది, ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలోనూ ఉంది. బయోమెడికల్ చదివినవాళ్లకే అనుకోవద్దు. ఈసీఈ, మెకానికల్ వాళ్లూ వస్తారు, ఫిజిక్స్ ఎమ్మెస్సీ వాళ్లనూ చాలాచోట్ల తీసుకుంటారు. 2020 నుంచి గేట్‌లో దీనికి వేరే పేపరే ఉంది.

అంతా సాఫీగా ఉంటుందని అబద్ధం చెప్పను. ఫెలోషిప్ నెలల తరబడి ఆగి, మెస్ బిల్లుకు అప్పు చేసిన రోజులు నాకున్నాయి. గైడ్‌ను ఎంచుకునే ముందు ఆ ల్యాబ్ సీనియర్లతో మాట్లాడు. ఇంట్లో నెలకు ఎంత పంపగలవో ముందే చెప్పు, ఆశ పెట్టి మోసం చెయ్యకు. ఇల్లు గడవాలంటే ముందు ఉద్యోగమే అని నువ్వు తేల్చుకుంటే అదీ తప్పు కాదు. కానీ "మనకెందుకులే" అని మాత్రం వదిలెయ్యకు.

యంత్రం రోడ్డు వెయ్యదు, పీహెచ్‌సీలో డాక్టరును కూర్చోబెట్టదు. ఆ పోరాటం ఆగదు, ఆగకూడదు. దానితోపాటే ఇవీ అడగాలి. ఖాళీ ఎస్టీ పీహెచ్‌డీ సీట్లు ప్రత్యేక నియామకంతో నింపాలి. ఫెలోషిప్ నెలనెలా పడాలి. మన ఊళ్లో రక్తం తీసుకునే ఏ పరిశోధనైనా గ్రామసభకు మన భాషలో చెప్పాలి, ఫలితం తెచ్చి మన చేతికివ్వాలి. యూనివర్సిటీల్లో ఉన్న మిత్రులారా, లైకులు చాలు. ఒక్కొక్కరు ఒక్క పిల్లకు అప్లికేషన్ నింపించండి, ఇంటర్వ్యూకి తయారు చెయ్యండి.

చెల్లీ, మీ నాన్నకు ఫోన్ ఇవ్వు. ఆయనతో నేను మాట్లాడతా.