బండి లాగడం లేదంటే...

సిగ్నల్ దగ్గర ఆగిన కారు వణుకుతుంది. టాకోమీటర్ ముల్లు 600కు జారుతుంది, 1,100కు ఎగురుతుంది, మళ్లీ జారుతుంది. ఏసీ వేస్తే ఇంజన్ ఆగిపోతుందేమోనని భయం. పచ్చలైటు పడ్డాక యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగదు. వెనక ఆటోల హారన్ల మోత. పదేళ్లు పైబడిన పెట్రోలు కారున్న వారిలో చాలామందికి ఇది తెలిసిన బాధే. ఆ తర్వాతి ఘట్టమూ తెలిసిందే. షెడ్డులో మొదట ప్లగ్గులు మారుస్తారు. వారం తిరిగేసరికి ఆక్సిజన్ సెన్సర్, ఆపై నెల పెట్రోలు పంపు. బిల్లు ఐదంకెలకు చేరుతుంది, వణుకు మాత్రం పోదు.

ఇందులో మోసమే ఉండాలని లేదు. చాలాసార్లు లోపించేది నిర్ధారణ. కార్బురేటర్ కాలంలో మెకానిక్‌కు చెవి, స్క్రూడ్రైవరు సరిపోయేవి. స్క్రూ కాస్త తిప్పితే ఐడ్లింగ్ దారికొచ్చేది. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగిశాక మారుతి 800 లాంటి చిన్న కారుకు కూడా ఎంపీఎఫ్ఐ ఇంజన్ వచ్చింది. ఎంత గాలి వస్తోంది, దానికి ఎంత పెట్రోలు చిమ్మాలన్నది అప్పట్నుంచి కంప్యూటర్ తేలుస్తోంది. తిప్పడానికి స్క్రూ లేదు. కానీ తర్కం మారలేదు. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి, సరైన క్షణంలో నిప్పురవ్వ, సిలిండర్‌లో తగిన ఒత్తిడి. ఈ మూడింట్లో ఏది తగ్గిందన్నదే ప్రశ్న.

మంచి మెకానిక్ బానెట్ ఎత్తడానికి ముందే రెండు మూడు ప్రశ్నలు అడుగుతాడు. వణుకు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఆగినప్పుడే ఇబ్బందా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడానా? ఇవి కాలక్షేపం ప్రశ్నలు కావు. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువ. అక్కడ పగిలిన రబ్బరు గొట్టమొకటి ఉంటే దొంగగాలి లోపలికి వచ్చి లెక్క తప్పిస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే లోపలికి వెళ్లే గాలే అపారం, ఆ కాస్త దొంగగాలి లెక్కలోకి రాదు. అంటే ఆగినప్పుడు మాత్రమే వణికి, రోడ్డు మీద బాగా లాగే కారులో అనుమానం గాలి లీకు మీదకో, మసిపట్టిన థ్రాటిల్ బాడీ మీదకో, ఐడ్లింగ్ వాల్వ్ మీదకో పోవాలి. ఆగినప్పుడు నున్నగా నడిచి, ఎత్తు ఎక్కలేకపోతే పెట్రోలు పంపు, ఫిల్టరు చూడాలి, లేదంటే పొగగొట్టం దారిలో మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్.

రెండు జబ్బులూ కలిసొస్తే? ముల్లు పైకీ కిందికీ ఊగుతోందా లేక వణుకు ఒక లయలో, గుండె చప్పుడులా వస్తోందా అన్నది గమనించాలి. లయ ఉంటే ఒక సిలిండర్ మండడం లేదన్నమాట. మన రోడ్ల మీద మూడు సిలిండర్ల చిన్న కార్లకు కొదవ లేదు. వాటిలో ఒకటి మొరాయిస్తే మూడోవంతు శక్తి పోయినట్టే.

2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 నిబంధన అమల్లోకి రావడంతో స్టీరింగ్ కింద చిన్న సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే కోడ్లు చదవొచ్చు. అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది. పి0171 అని వచ్చిందనుకుందాం. దానర్థం మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. ఈ సంగతి చెప్పింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి చాలా షెడ్లలో సెన్సర్‌నే మార్చేస్తారు. చెడ్డ వార్త తెచ్చాడని ఉత్తరాలు పంచేవాణ్ని ఉద్యోగం నుంచి తీసేసినట్టు. సెన్సర్ నిజమే చెప్పి ఉండొచ్చు. కోడ్ రోగం పేరు కాదు, రోగలక్షణం పేరు.

అదే స్కానర్‌లో 'ఫ్యూయల్ ట్రిమ్' అనే అంకె కనబడుతుంది. లెక్కకు మించి కంప్యూటర్ ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో, ఎంత తగ్గిస్తోందో అది చెబుతుంది. అయిదారు శాతం అటూ ఇటూ మామూలే. ఐడ్లింగ్‌లో 25 శాతం అదనంగా పోస్తూ, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకొస్తే గాలి లీకే దోషి. వరుస తిరగబడి, రేసు ఇచ్చేకొద్దీ అంకె పెరిగితే పెట్రోలు సరఫరా చూడాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఈ లెక్క గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కార్లకు బాగా నప్పుతుంది. పీడనాన్ని బట్టి గాలిని అంచనా వేసే మ్యాప్ సెన్సర్ కార్లలో లీకుంటే మిశ్రమం తేడా అంతగా కనబడదు, ఐడ్లింగ్ పెరిగి కూర్చుంటుంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఉన్నది ఈ రెండోదే.

పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్. కొత్త కాయిల్ కొనక్కర్లేదు. ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి మార్చి మళ్లీ నడిపి చూస్తే చాలు. కోడ్ పి0302గా మారితే దోషం కాయిల్‌తోపాటే కదిలినట్టు. కదలకపోతే ప్లగ్, ఆ తర్వాత ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్ పరీక్ష. ఈ పరీక్షకు అరగంట, ఓ స్పానరు చాలు. కాకపోతే ఆ అరగంటకు డబ్బులివ్వడం మనవాళ్లకు అలవాటు లేదు. విడిభాగానికి మారుమాట్లాడకుండా చెల్లించేవారే 'చూసినందుకు' చార్జీ వేస్తే గొడవపడతారు. దాంతో మెకానిక్ బతుకుతెరువు విడిభాగం మీదే ఆధారపడుతోంది.

అలాగని వాయిదా వేయడమూ ప్రమాదమే. మిస్‌ఫైర్ అవుతున్న సిలిండర్ నుంచి మండని పెట్రోలు నేరుగా క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి జల్లెడ కరిగి దారి మూసుకుపోతే, కాయిల్‌తో పోయేది కన్వర్టర్ ధరకు చేరుతుంది. ఇంజన్ లైటు వెలగడం వేరు, మిణుకుమిణుకుమనడం వేరు. మిణుకుమంటే బండి పక్కకు తీయాల్సిందే.

ఇప్పుడు ప్రతి వణుకుకూ ఈ20 పెట్రోలును తిట్టడం రివాజయింది. 2025లో దేశం 20 శాతం ఇథనాల్ మిశ్రమాన్ని అందుకున్నాక ఈ మాట మరీ ఎక్కువైంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడోవంతు తక్కువ. ఈ10కు సరిచేసిన పాత కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే ఒప్పుకుంది. ఈ20కి తయారుకాని రబ్బరు భాగాల మీద దాని ప్రభావమూ కొట్టిపారేసేది కాదు. కానీ ఎంపీఎఫ్ఐ కారులో ఆ తేడాను కంప్యూటర్ చాలావరకు సర్దుకుంటుంది. కార్బురేటర్ బండికే ఆ తెలివి లేదు. నిన్నటిదాకా బాగున్న కారు ఈరోజు ఒక సిలిండర్ మీద కుంటుతోందంటే ముందు చూడాల్సింది కాయిల్‌నే, ఇంధన విధానాన్ని కాదు.

విధానాన్ని తప్పుబట్టాల్సిన చోటు వేరే ఉంది. విడిభాగాలు, రోగనిర్ధారణ పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నాయంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544.65 కోట్ల జరిమానా విధించింది. బయట చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దంటూ గంపగుత్త షరతు పెట్టొద్దని కూడా చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచి, అందులో వాహనాలనూ చేర్చింది. అయితే అది పోర్టలే తప్ప చట్టం కాదు.

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, ఢిల్లీ కరోల్ బాగ్‌లోనైనా దీని ఫలితం కనబడేది చిన్న చిన్న పనుల్లోనే. మసిపట్టిన థ్రాటిల్ బాడీని శుభ్రం చేయడానికి క్లీనర్ డబ్బా, గుడ్డపీలిక చాలు. కానీ మసికి అలవాటుపడిన కంప్యూటర్ పాత లెక్కలోనే థ్రాటిల్‌ను తెరుస్తుంది. ఐడ్లింగ్ 1,500 దగ్గర నిలిచిపోతుంది. కొన్ని కార్లు నాలుగు కిలోమీటర్లు తిరిగితే అవే సర్దుకుంటాయి. మరికొన్నింటికి కొత్త లెక్క నేర్పే ఆదేశం స్కానర్ నుంచే వెళ్లాలి, అదీ కంపెనీ స్కానర్ నుంచి. దోషం కనిపెట్టి, సరిచేసి, చేతులు తుడుచుకున్న మెకానిక్ ఆ ఒక్క ఆదేశం కోసం బండిని సర్వీస్ సెంటర్ క్యూలో నిలబెట్టి రావాల్సి వస్తోంది.