మాట వెనుక మాట: 'బూజ్' - మన 'మందు'

'బూజ్' అంటే మూలల్లో పట్టే బూజు కాదు సుమండీ! ఇంగ్లీషు సినిమాల్లో గ్లాసు కనిపించినప్పుడల్లా వినిపించే మాట. మందుకూ అదే పేరు, మందు కొట్టడానికీ అదే పేరు.

19వ శతాబ్దంలో ఫిలడెల్ఫియాలో ఇల్లు ఆకారపు సీసాల్లో విస్కీ అమ్మిన బూజ్ అనే ఆయన పేరే ఈ మాటయిందని ఓ కథ ఉంది. కథ బావుంది గానీ, మాట ఆయనకంటే కొన్ని వందల ఏళ్లు పెద్దది! డచ్చివాళ్ల పాత భాషలో 'బూసెన్' అంటే మోతాదు మించి తాగడం. అక్కణ్ణుంచే ఇంగ్లీషులోకి దిగింది. అంటే 'అతి' అన్నది ఆ మాటకు పుట్టుకతోనే అంటుకుంది.

మరి మన 'మందు'? పుట్టుకకి అది ఔషధం. 1953లో 'దేవదాసు' వచ్చింది మొదలు మన హీరోలు మనోవ్యాధికి తాగేది ఆ మందే కదా!

మా నల్లపాడు వైపు మిరప, పత్తి చేలల్లో 'మందు కొట్టాడు' అంటే పురుగుమందు చల్లాడని. అదే మాట సాయంత్రం బడ్డీకొట్టు దగ్గర అంటే అందరూ నవ్వుతారు. 'మందు తాగాడు' అంటే మాత్రం ఎవరూ నవ్వరు. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పుల్లో మునిగిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

అందుకే ఆ మాట చెవిన పడితే మావాళ్లు ముందు 'మనిషి ఎలా ఉన్నాడు?' అంటారు. ఏ మందో తర్వాత అడుగుతారు.