ఫ్లై రాడ్డు ట్రౌటు అబ్బ సొత్తేం కాదు

"ఫ్లై రాడ్డుతో క్యాట్‌ఫిష్షా? ఎవరైనా చూస్తే నవ్వుతారు!"

ఈ మాట ఎవరో అమెరికన్ తాతగారు అనుంటే ఓ దణ్ణం పెట్టి ఊరుకునేవాణ్ణి. అన్నది మనవాడే. హెచ్-1 మీద వచ్చి నాలుగేళ్ళు, ఫ్లై ఫిషింగ్ మొదలెట్టి నాలుగు నెలలు. రాడ్డు కొన్న షాపులో దాంతోపాటు ఈ అభిప్రాయాన్ని కూడా ఉచితంగా చేతిలో పెట్టి పంపించినట్టున్నారు. ఆ తర్వాత ఇదే ముక్క ఇంకో ముగ్గురు సాఫ్టువేరు సోదరుల నోట విన్నాను. అంచేత ఈ గోల.

తెలియనివాళ్ళ కోసం ముందుగా కాస్త ఉపోద్ఘాతం. మామూలు గేలం విసిరితే ఎర బరువే లైనుని లాక్కెళుతుంది. ఫ్లై రాడ్డు కథ దీనికి తలకిందులు. ఈకలూ బొచ్చూ దారంతో చుట్టిన 'ఫ్లై'కి చెప్పుకోదగ్గ బరువు ఉండదు, బరువంతా లైనుదే. మనం విసిరేది లైనుని. ఫ్లై దాని వెనకాల బుద్ధిగా పోతుంది. రాడ్డు మీద 8 అని అంకె ఉంటే, మొదటి 30 అడుగులూ 210 గ్రెయిన్లు, అంటే సుమారు 13.6 గ్రాములు తూగే లైనుకి అది సరిపోతుందని అర్థం. స్పెసిఫికేషన్ అంతే! ఇందులో ట్రౌటు అన్న మాట ఎక్కడుంది? డాక్యుమెంటులో లేనిది క్లయింటు అడిగాడని పొద్దస్తమానం మొత్తుకునే మనం, ఇక్కడ మాత్రం ఎవడో నోటిమాటగా చెప్పిన రిక్వైర్‌మెంట్‌ని కళ్ళు మూసుకుని ఒప్పేసుకుంటాం.

ఇక వాళ్ళ వాదనలు చూద్దాం. క్యాట్‌ఫిష్ వాసన పట్టి తింటుంది, ఫ్లైకి వాసనుండదు, కాబట్టి పడితే గాలివాటంగా పడినట్టే అంటారు. సగం నిజం ఎప్పుడూ ప్రమాదకరమే. అమెరికాలో ఎక్కువగా దొరికే చానెల్ క్యాట్‌ఫిష్‌కి ఒళ్ళంతా నాలుకే. చర్మం మీదా మీసాల మీదా కలిపి లక్షకు పైగా రుచి మొగ్గలు ఉంటాయి. కానీ దానికి కళ్ళూ ఉన్నాయండీ! నీటిలో చిన్న కదలికని కూడా పసిగట్టే ఏర్పాటు ఒంటి పక్కల ఉంది. అది తినేవాటిలో పురుగులు, క్రేఫిష్, చిన్న చేపలు అన్నీ ఉన్నాయి. ఇవన్నీ కదిలేవే. కదిలేదాన్ని అనుకరించడమేగా ఫ్లై పని? అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ వాళ్ళ ఫ్లై రాడ్డు రికార్డుల్లో చానెల్ క్యాట్‌ఫిష్‌కి కూడా చోటుంది. పైగా ఆ రికార్డుకి ఫ్లైకి ఏ వాసనా పూయకూడదని నియమం. గాలివాటానికి రికార్డులు రాసుకునేంత తీరిక వాళ్ళకి ఉందనుకోను.

తర్వాతది సంప్రదాయం. ఈ మాట వింటేనే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఇంగ్లండులో హాల్‌ఫర్డ్ అనే పెద్దమనిషి 1880ల్లో నీటి మీద తేలే 'డ్రై ఫ్లై'ని ఒక మతంలాగా నిలబెట్టాడు. చేప తినేది చాలామటుకు నీటి లోపలే కదా, అక్కడి పురుగుని అనుకరిస్తే తప్పేమిటని స్క్యూస్ అనే వకీలు 1910లో పుస్తకం రాశాడు. హాల్‌ఫర్డ్ 1914లో పోయాడు కానీ శిష్యులు పోలేదుగా. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో ఈ విషయం మీద పెద్ద పంచాయితీయే పెట్టారు. అప్పటికి స్క్యూస్‌కి 79 ఏళ్ళు! నీటి లోపల ఫ్లై వెయ్యడం అప్పట్లో మర్యాదస్తులు చేసే పని కాదన్నమాట. ఇవాళ నన్ను చూసి నవ్వే మిత్రుడి పెట్టె నిండా ఉన్నవి ఆ లోపలి ఫ్లైలే. ఆయన 'సంప్రదాయం' నిన్నటి తిరుగుబాటే. సదరు సంగతి ఆ షాపువాడు చెప్పి ఉండడు.

పోనీ ట్రౌటు ఈ దేశపు అసలు సిసలు చేప, క్యాట్‌ఫిష్ నడమంత్రపుదీ అందామా? అదీ కుదరదు. గొప్పగా చెప్పుకునే బ్రౌన్ ట్రౌటు గుడ్లుగా జర్మనీ నుంచి ఓడెక్కి 1883లో అమెరికాలో దిగింది. మరుసటేడు మిషిగన్‌లో దాని పిల్లల్ని నీళ్ళలో వదిలారు. అంటే అదీ మనలాగే వలస వచ్చిందే (దాని గ్రీన్‌కార్డు మాత్రం త్వరగా వచ్చేసింది). చానెల్ క్యాట్‌ఫిష్ మిసిసిపీ నదీ వ్యవస్థలో పుట్టి పెరిగిన చేప. బయటినుంచి వచ్చింది దొర, ఉన్న ఊరిది అలగాజనం. ఎక్కడో విన్న కథలా లేదూ?

మనవాళ్ళకి ఇంకో అసహ్యం కూడా ఉంది. క్యాట్‌ఫిష్ అనగానే హైదరాబాదు చుట్టుపక్కల దొంగచాటుగా చెరువుల్లో కోళ్ళ వ్యర్థాలు వేసి పెంచే చేపలు గుర్తొస్తాయి. వాటిని పట్టుకుని పూడ్చేసిన వార్తలు మనందరం చదివాం. అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, మన దేశంలో దాని పెంపకం నిషిద్ధం. చానెల్ క్యాట్‌ఫిష్ కుటుంబమే వేరు. పేరులో మూడక్షరాలు కలిసినంత మాత్రాన జావాకీ జావాస్క్రిప్టుకీ చుట్టరికం కలిపేస్తామా? అయినా జెల్లల పులుసు లొట్టలేసుకుంటూ తిన్నవాళ్ళమే మనం. ఆ జెల్ల, వాలుగ ఏ జాతివనుకున్నారు? మీసాలు చూడలేదా?

ఇదంతా ఒక ఎత్తు. నన్ను నిజంగా మండించేది వేరే ఉంది.

మనలో చాలామంది ఉండేది డాలస్ లాంటి చోట్ల. అక్కడ చలికాలంలో టెక్సాస్ ప్రభుత్వం వాళ్ళు హేచరీలో పెంచిన రెయిన్‌బో ట్రౌటుని ఊరి చెరువుల్లో వదులుతారు. ఎండలు ముదిరేసరికి ఆ నీటి వేడికి అవి బతకలేవు. అంచేత నిజమైన ట్రౌటు కావాలంటే సెలవు పెట్టి, విమానమెక్కి, వందల డాలర్లు పోసి గైడుని పెట్టుకుని కొలరాడోకో మోంటానాకో పోవాలి. ఏడాదికో మూడు రోజులు. మిగతా 362 రోజులూ ఆ రాడ్డు అపార్టుమెంటు క్లోజెట్లో పడుంటుంది. ఇంటి వెనక వాగులో, పది నిమిషాల నడకలో ఉన్న చెరువులో క్యాట్‌ఫిష్ ఉంటుంది. కానీ అటు చూడరు. చూడని నీటి గురించి ఎవడికి పడుతుంది? ట్రౌటు కోసం 1959లోనే ట్రౌట్ అన్‌లిమిటెడ్ అని సంఘం పెట్టుకున్నారు. నదుల గట్లు బాగుచేయిస్తారు, పాత ఆనకట్టలు తీయిస్తారు, కోర్టులకెక్కుతారు. సంతోషం. మరి మన సబ్‌డివిజన్ వెనక వాగు? అందులో షాపింగ్ కార్టులు తేలతాయి, పచ్చిక మీద చల్లిన ఎరువంతా వానకి అందులోకే దిగుతుంది. చెత్త చేప ఉన్న నీళ్ళే కదా అని ఊరుకుంటారు. చేపని చెత్త అనడంతో మొదలై నీళ్ళని చెత్తబుట్ట చెయ్యడం దాకా వస్తుంది ఈ వ్యవహారం. ఆ నీళ్ళ పక్కన కాపురం ఉండేది మనమే, ఆ షాపువాడు కాదు.

ఇంకొక్క మాట. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌటుకి ఊపిరి కష్టం. ఆ వేడిలో పట్టి, ఫోటో దిగి, వదిలేసినా చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే మోంటానాలో ఎండలు మండినప్పుడు కొన్ని నదుల్లో మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టడం ఆపేస్తారు. క్యాట్‌ఫిష్‌కి ఆ వేడి ఒక లెక్క కాదు. ట్రౌటు మీద అంత ప్రేమున్నవాళ్ళు జులైలో ఏ చేప వెంట పడాలో నేను చెప్పాలా?

చెయ్యాల్సిందల్లా ఇంతే. లైసెన్సు తీసుకోండి. 7 లేదా 8 రాడ్డు, మునిగే కొస ఉన్న లైను. ఫ్లై అయితే బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980ల్లో స్మాల్‌మౌత్ బాస్ కోసం కట్టిన క్లౌజర్ మిన్నో బాగుంటుంది. తలకి డంబెల్ ఆకారపు బరువు కళ్ళుంటాయి గనక అడుక్కి దిగుతుంది, కొక్కెం మొన పైకి తిరిగి ఉంటుంది గనక రాళ్ళకి తక్కువ తగులుకుంటుంది. పొద్దు వాలాక, వాగు వచ్చి చెరువులో కలిసే చోట వేసి, అడుగంటా దిగనిచ్చి, మీకు విసుగొచ్చేంత నెమ్మదిగా లాగండి. ట్రౌటులా గాల్లోకి ఎగరదు, అడుగునే ఉండి బండరాయిలా గుంజుతుంది. చేతికొచ్చాక మీసాలు చూసి భయపడకండి, అవి కుట్టవు. వీపు మీదొకటి, రెక్కల దగ్గర చెరొకటి ముళ్ళుంటాయి, నిటారుగా లేపి బిగించేస్తుంది. వాటి వెనకగా వేళ్ళు పోనిచ్చి పట్టుకోవాలి. చిన్నప్పుడు జెల్ల ముల్లు దిగిన గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.