"టెన్షన్ పడకు" అనే ముందు

పరీక్షలొస్తున్నాయంటే ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట "టెన్షన్ పడకు, ప్రశాంతంగా రాయి". నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. టెన్షన్ పెట్టేదీ మనమే, పడొద్దనేదీ మనమేనా?

ఒక్కసారి చూడండి. పెరుగూ పంచదారా నోట్లో పెట్టి, ఎదురు మంచిది చూసి మరీ పంపిస్తాం. మూడు గంటల తర్వాత గేటు దగ్గరే క్వశ్చన్ పేపర్ లాక్కుని "ఇదెందుకు వదిలేశావు? ఎన్నొస్తాయి?" అని లెక్కలు మొదలుపెడతాం. ఎల్లుండి ఇంకో పరీక్ష ఉందన్న సంగతి ఆ పిల్లకి గుర్తుంటుంది, మనకే ఉండదు. ఇంటికొచ్చేసరికి పిన్నిగారి ఫోను, "ఎలా రాసింది?" అని. ఆ ఫోను పిల్ల చేతికే ఇస్తాం!

ఇక కాలేజీల సంగతి. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. వారం వారం టెస్టు, ఆదివారం మధ్యాహ్నానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అందరి మార్కులతో ర్యాంకుల లిస్టు. శనివారం రాత్రి నుంచే దానికి అన్నం సయించదు. "ఎవరి మార్కులు వాళ్ళకే పంపండి" అని గ్రూపులో అడిగాను. కాలేజీ వాళ్ళకంటే ముందు ఇద్దరు తల్లులు జవాబిచ్చారు, "పోటీ లేకపోతే పిల్లలు చదవరండీ" అని. ఆ లిస్టులో ఆఖరి పేరున్న అబ్బాయి తల్లి కూడా ఆ గ్రూపులోనే ఉంది. ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆఖరున ఉన్నాడని ఆ అబ్బాయికి ముందే తెలుసు. మరి ఆ లిస్టు ఊరందరికీ చూపించి వాడికి నేర్పిందేమిటి?

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దంది, పదిమందిలో అవమానించొద్దంది, పిల్లల శక్తికి మించిన లక్ష్యాలు పెట్టొద్దంది. అయినా "మా వాడు టాప్ సెక్షన్" అని మనం మురిసిపోతున్నంత కాలం ఏ కాలేజీ మాత్రం ఎందుకు మానేస్తుంది?

పోనీ ఆ మార్కులు దేవుడి రాతా? 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్ళీ చూస్తే 99 అని తేలింది. తప్పు దిద్దడానికి కాగితానికి అవకాశం ఉంది. ఆ వేసవిలో ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు మనకి దక్కలేదు. వాళ్ళని ఏ రీ-వెరిఫికేషనూ వెనక్కి తేలేదు.

అందుకే ఈ మాటలు ఫలితాలొచ్చాక కాదు, పరీక్షలకి ముందే చెప్పాలి. తప్పితే అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుందని, పాసైతే ఏడాది కూడా పోదని పిల్లలకి మన నోటితోనే చెప్పాలి. భయం తగ్గాలంటే పరీక్ష అలవాటవ్వాలి. పాత పేపరొకటి తీసి, పరీక్ష టైముకే, గడియారం పెట్టుకుని ఇంట్లో రాయమనండి. మార్కులు వేయకండి. రాత్రి రెండింటి దాకా కూర్చోబెట్టి టీలు పోయకండి, నిద్ర లేకపోతే చదివింది నిలవదు. పొద్దున్నే కడుపునొప్పి, వాంతులు అంటే నాటకమని కసరకండి, భయం అలా కూడా బయటపడుతుంది. పిల్ల మాటలు తగ్గించేసినా, "నేను లేకపోతే మీకు బాధుండదు" లాంటి మాట అన్నా పరీక్ష సంగతి పక్కన పెట్టి దగ్గర కూర్చోండి, ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది. ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ఇంక మీ గ్రూపులో లిస్టు వచ్చినప్పుడు మీరూ అడగండి. ఒక్కరు అడిగితే గొడవ మనిషి అంటారు, నన్ను అన్నారు కూడా. పదిమంది తల్లులు అడిగితే జవాబు చెప్పక తప్పదు.